ఇంటి ఫోను – ఇంటి భాష

వారమంతయు అద్దాల మేడలలో గడపిన మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వాసులు ఆదివారమునాడు ఇంటిపట్టున ఉందురు. ఒకవైపు వంటింటిలో పెనము మీద దోసె కాలుచుండును. మరొకవైపు హాలులో ఇంటిల్లిపాదియు అరచేతిలో ఇమిడెడి ఒక ఫోను చుట్టును చేరియుందురు. అవతల డల్లాసులో అది ఇంకను శనివారము రాత్రియే. అక్కడి మేనమామ పిల్లలు నిద్రకు ముందు అంత్యాక్షరికి కూర్చుందురు. ఇక్కడివారు పాడిన పాట చివరి అక్షరము అక్కడకు ఒక క్షణము ఆలస్యముగా చేరును. ఈలోగా ఉభయులును ఒకేసారి పాట ఎత్తుకొందురు. వంతు ఎవరిదను తగవు పుట్టి నవ్వులలో ముగియును. మధ్యలో ఎవరి ముఖమో తెరమీద కదలక నిలిచిపోవును; తెరచిన నోరు తెరచినట్లే ఉండగా పిల్లలు కడుపుబ్బ నవ్వుదురు. పూర్వము పండుగకు చుట్టములందరు కూడిన లోగిలిలో ఎట్టి సందడి ఉండెడిదో, అందులో కొంతయైనను ఈ చిన్న యంత్రము ఇంటికి తెచ్చినది.

ఈ మేలును తక్కువగా ఎంచుట న్యాయము కాదు. ఒక తరమునకు ముందు, దూరదేశము పోయిన కొడుకు మాట వినుటకై తల్లి రాత్రి పొద్దుపోయిన పిమ్మట, ధర తగ్గిన వేళ చూచుకొని, ఎస్.టి.డి. బూతునకు నడచెడిది. ఎదుటనున్న మీటరులో ఎర్ర అంకెలు పరుగెత్తుచుండగా, చెప్పదలచిన దానిలో సగము మింగుకొని తిరిగి వచ్చెడిది. ఇప్పుడు మనుమరాలి ఊడిన పాలపన్నును అదే పూట చూడగలుగుచున్నది. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించినప్పుడు, చుట్టును ఎక్కువగా బండరాళ్లును, పొదలును ఉండెను. అదే సంవత్సరమున మైక్రోసాఫ్టు సంస్థ ఈ నగరమున తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది. అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ గచ్చిబౌలిలో ఆరంభమైనది. నాటినుండి ఈ ప్రాంతము ప్రపంచమునకు యంత్రముల భాష వ్రాయువారి ఊరుగా పేరుపొందినది.

అయినను ఆ ఊరివారి యిండ్లలోనే యంత్రముతో చిన్న చిన్న తగవులు నిత్యము జరుగుచుండుట వింతయే. చార్జరు ఎవరు తీసిరను విచారణ లేక ప్రొద్దు గడవదు. సంకేతపదము మరచిన తండ్రి తన పుట్టినతేదీని, కొడుకు పుట్టినతేదీని, పెండ్లినాటి తేదీని వరుసగా ప్రయత్నించి, చివరకు భార్య వైపు చూచును. ఓటీపీ అను ఆరంకెల సంఖ్య ఒకరి ఫోనునకు వచ్చును. అది కావలసినవారు మరియొక గదిలో ఉందురు. కేకవేసి చెప్పిన అంకెలలో ఏడునకును ఏనిమిదికిని తేడా తెలియక మరల మొదటికి వచ్చును. ఇతరుల యంత్రములను కోట్ల సంఖ్యలో నడిపించు ఇంజనీరు ఇంటిలో ఫోటోలు అచ్చువేయు యంత్రము ముందు చేతులు కట్టుకొని నిలబడుట చూచి పిల్లలు ఆనందింతురు. ఇవియన్నియు నవ్వి మరువదగినవి. సంసారమున్న చోట ఇట్టి చిక్కులు ఎప్పుడును ఉన్నవే. పూర్వము రేడియో ఏరియలును గూర్చియు తగవులాడుకొన్నారు.

కాని నవ్వి మరువరాని చిక్కు ఒకటి కలదు.

ఆ ఆదివారపు హాలులోనే ఒక మూల సోఫామీద అమ్మమ్మ కూర్చుండును. ఆమె నల్గొండ ప్రాంతపు పల్లెనుండి కూతురింటికి వచ్చిన మనిషి. ప్రతి ఉదయము దినపత్రికను మొదటి పుటనుండి చివరి పుటవరకు చదువును. సాయంకాలము భాగవతము చదివి అర్థము చెప్పును. ఇంటికి వచ్చిన శుభలేఖలో తప్పు అచ్చయినచో మొదట పట్టుకొనునది ఆమెయే. అట్టి మనిషి చేతికి ఫోను ఇచ్చిన తక్షణమే చదువురానిదగుచున్నది. తెరమీదనున్నది యంతయు ఆంగ్లము. ఏదో అడుగుచున్నది, ఏమి అడుగుచున్నదో తెలియదు. నొక్కినచో డబ్బు పోవునేమో అను భయము. మూడవ తరగతి చదువు మనుమడు దగ్గరకు వచ్చి, "అట్ల కాదు అమ్మమ్మా, నీకు తెల్వదు, నాకియ్యి" అని లాగుకొనును. వాని మాటలో దురుసు లేదు. వాడు ఎరిగినంతలో అది నిజమే. కాని అరువది యేండ్లు అక్షరముతో బ్రతికిన మనిషికి అక్షరము రాదని నమ్ముచు ఒక బిడ్డ పెరుగుచున్నాడు. ఇది చిన్న విషయము కాదు.

ఒకనాడు ఆమె మెల్లగా అడిగినది: "ఇది తెలుగుల రాదా బిడ్డా?"

వాడు కొంతసేపు వెదకి, తానే ఆశ్చర్యపడి చెప్పిన జవాబు ఇది: "వస్తది అమ్మమ్మా. మనమే పెట్టలే."

ఈ విషయమై చెప్పవలసినదంతయు ఆ బాలుని రెండు మాటలలో ఉన్నది. యంత్రమునకు తెలుగు రాదనుట ఒకప్పటి మాట. అచ్చుకూటపు రోజులలో తెలుగు కంపోజిటరు గుణింతములకును, ఒత్తులకును వందలాది సీసపు దిమ్మెల నడుమ వెదకుకొనవలసి వచ్చెడిది. ఇరువదియారు అక్షరముల భాషకు చేసిన యంత్రములో మన లిపి ఇముడదని పెద్దలు నిరాశపడిన కాలము కలదు. ఆ కాలము గతించినది. ప్రపంచ లిపులన్నిటికి అంకెలు కేటాయించు యూనికోడ్ ప్రమాణము 1991లో తొలిసారి వెలువడినప్పుడే అందు తెలుగునకు 128 స్థానముల విభాగము లభించినది. అకారమునకు 3077, ఆకారమునకు 3078, కకారమునకు 3093 – ఈ విధముగా మన అక్షరములకు శాశ్వతమైన సంఖ్యలు ఏర్పడినవి. అదే సంవత్సరమున భారతీయ ప్రమాణముల సంస్థ ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికను ఆమోదించినది. అందు ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు హల్లులు ఉండును. తెలుగు కకారము ఏ మీటపై ఉన్నదో హిందీ కకారమును, కన్నడ కకారమును ఆ మీటపైననే ఉండును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు అక్షరరూపము కంప్యూటరులోనే వచ్చినది. దేశమున అమ్ముడగు ఫోనులు భారతీయ భాషలను చూపగలిగి ఉండవలెనని 2016లో కేంద్రప్రభుత్వము ఉత్తర్వు చేసినది. 2017లో గూగుల్ సంస్థ తెలుగున పలికిన మాటను అక్షరములుగా మార్చు సౌకర్యమును ఫోనులలో కల్పించినది. ఇంతమంది ఇన్ని యేండ్లు పాటుపడి మన యింటి గుమ్మమువరకు తెచ్చిన భాషను లోపలికి పిలుచుటకు మనకు తీరిక లేకపోయినది.

ఈ పని పూర్తిగా ముగిసినదని కాని, లోపములు లేవని కాని అనరాదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతట ఒక వింత జరిగినది. తెలుగులోని "జ్ఞా" అను అక్షరము ఒక విధముగా కూర్చబడి సందేశములో చేరినచో, ఆపిల్ సంస్థ వారి ఐఫోనులలో ఆ సందేశమును చూపబోయిన వ్యవస్థ కుప్పకూలుచుండెను. సాధారణముగా వ్రాసిన జ్ఞానము అను మాటతో ఈ ప్రమాదము లేదు. జకారము, పొల్లు, ఞకారము – వీటి తరువాత, కంటికి కనబడక అక్షరముల కలయికను నియంత్రించు ఒక గుర్తు, ఆపైన దీర్ఘము వచ్చినప్పుడే ఆ వ్యవస్థ దానిని ఎట్లు చిత్రించవలెనో తెలియక తడబడినది. అల్లరివారు దానిని వేడుకకై ఒకరికొకరు పంపుకొనిరి. తెలుగు పేరైనను విననివారు సైతము ఒక్క తెలుగక్షరమునకు భయపడిరి. ఫిబ్రవరి 19న సంస్థ సవరణను విడుదల చేయగా ఆ పీడ తొలగినది. అంతకు రెండేండ్లముందే, 2016లో, ఆ సంస్థ ఈ నగరమున నానక్‌రామ్‌గూడ ప్రాంతమున తన కార్యాలయమును తెరచియున్నది.

ఈ కథను మన లిపికి కలిగిన అపకీర్తిగా తలచువారును, మన అక్షరమహిమగా చెప్పుకొని మీసము దువ్వువారును కలరు. రెండును సరికావు. ఇందు గ్రహింపవలసినది వేరు. విస్తారముగా వాడబడు భాషలోని లోపము తొందరగా బయటపడును, ఫిర్యాదు వచ్చును, సవరణ జరుగును. కోట్లమంది మాటలాడు భాషయైనను, యంత్రముపై వ్రాయువారు కొలదిమందియైనచో, అందలి లోపములు చీకటిలోనే పడియుండును. బావిలో నీరు తోడినకొలది ఊరునన్నట్లు, యంత్రమున భాషయు వాడినకొలది బాగుపడును. ఈ విషయము గచ్చిబౌలిలో కొలువు చేయువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కార్యాలయమున ఎన్నో దేశముల భాషలలో యంత్రమును పరీక్షించి చూచు ఇంజనీరులు ఇంటికి వచ్చి తల్లి చేతిలోని ఫోనును ఆమె భాషలో ఒక్కసారియైనను పరీక్షింపరు!

తెలుగును ఆంగ్లాక్షరములలో వ్రాసికొనుచున్నాము గదా, అది చాలదా అని అడుగువారు కలరు. చాలదని ప్రతి కుటుంబమునకును అనుభవమే. అత్తను ఉద్దేశించి కొట్టిన మాటను యంత్రము తనకు తెలిసిన ఏదో ఆంగ్లపదముగా దిద్ది పంపును. కె, ఎ, రెండు ఎల్లులు, యు అని వ్రాసినచో అది కళ్లును కావచ్చును, కల్లును కావచ్చును. "తాతకు కళ్లు కనబడుట లేదు" అని పల్లెనుండి వచ్చిన వార్తను, పాపము తాతకు ఊరిలో కల్లు దొరకుట లేదు కాబోలునని చదువుకొని ఇంటివారు నవ్వుకొందురు. నవ్వు ముగిసిన పిమ్మట ఎవరికో అనుమానము వచ్చి ఫోను చేయగా, వృద్ధునకు శుక్లములు ముదిరి చూపు తగ్గినదని తెలియును. పిల్లి, పెళ్లి అనునవి సైతము తొందరలో వ్రాయువారి చేతిలో ఒకటియగుచున్నవి. వినోదమునకు ఇవి మంచివే. కాని పదిమంది బంధువుల నడుమ రోజంతయు ఇట్లే వ్రాసికొనుచున్న ఇంటిలో బిడ్డకు తెలుగక్షరము పాఠ్యపుస్తకములో తప్ప కనబడదు. మాటలాడు భాషయొకటి, చదువు లిపియొకటి యగును. అమ్మమ్మకు ఆంగ్లాక్షరము రాదు. మనుమనికి తెలుగక్షరము నిలువదు. ఒకే మాట పలుకు ఇద్దరును ఒకరికొకరు ఉత్తరము వ్రాయలేని స్థితికి చేరుచున్నారు.

ఇట్టి స్థితి గౌరవమర్యాదలకు కొదవ కలిగి వచ్చినది కాదు. 2008 అక్టోబరు 31న కేంద్రప్రభుత్వము తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి నిచ్చినది. 2017 డిసెంబరులో హైదరాబాదున ప్రపంచ తెలుగు మహాసభలు వైభవముగా జరిగినవి. 2018లో తెలంగాణ శాసనసభ ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు పాఠశాలలన్నిటను తెలుగు బోధన తప్పనిసరి చేయుచు చట్టము చేసినది. చట్టమువలన తెలుగు తరగతిగదిలోనికి వచ్చినది. తరగతిగదినుండి చేతిలోని ఫోనులోనికి దానిని తీసికొని పోవలసినవారు ఉపాధ్యాయులు. ఈ తరము వ్రాయు వ్రాతలో అధికభాగము ఆ మీటలమీదనే సాగుచున్నప్పుడు, బలపముతో నేర్పి మీటలతో నేర్పకపోవుట ఈత నేర్పి ఏటి ఒడ్డున నిలిపివేసినట్లగును.

ఇందు ఉపాధ్యాయునకు ఒక లాభము కూడ కలదు. గుణింతమును, సంయుక్తాక్షరమును నల్లబల్లపై బోధించుట ఎంత కష్టమో తెలుగు పండితులు ఎరుగుదురు. క్ష అనునది ఒక అక్షరమని కంఠస్థము చేసిన విద్యార్థి, మీటలమీద కకారము, పొల్లు, షకారము వరుసగా నొక్కి, మూడును కలసి తెరమీద క్షకారముగా రూపొందుట చూచినప్పుడు దాని నిర్మాణమును కంటితో గ్రహించును. జ్ఞానమును గ్నానమని పలుకుట మనకు అలవాటు. పలికినట్లే వ్రాసిన విద్యార్థులకు మార్కులు పోవుచున్నవి. ఆ జంటాక్షరము జకార ఞకారముల కలయికయని ఎన్నిమారులు చెప్పినను మరచెడివాడు, ఆ రెండు మీటలను తానే వెదకి నొక్కినపుడు మరువడు. అక్షరమాలలో ఎచటను పనికిరానిదని పిల్లలు తలచు ఞకారమునకు ఒక పని దొరకినందుకు సంతోషించును. ప్రపంచమునందలి ఐఫోనులను ఒకప్పుడు గడగడలాడించిన అక్షరమిదియేయని చెప్పినచో, ఆ పాఠము ఇంటికిపోయి నలుగురితో చెప్పుకొనక మానడు.

పిల్లలు ఇప్పటికే తెరలకు అంటుకొనిపోవుచున్నారు, మరల ఇదియొక నెపమా అని తల్లిదండ్రులు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. పాఠశాలకు ఫోను తేవలసిన అవసరము లేదు; తేనీయనక్కరయు లేదు. బడిలో కంప్యూటరు పీరియడు ఉన్నచోట నెలకొకటి దీనికి కేటాయించిన చాలును. లేనిచోట ఇంటిలో పెద్దల ఫోనుమీద, పెద్దల ఎదుట, ఆదివారము ఒక అరగంట చాలును. కొత్తగా తెరముందు గడపవలసిన కాలము కాదిది. ఇప్పుడు గడచుచున్న కాలములోనిదే. పని సులభము. అమరికలలో భాష అనుచోట తెలుగు మీటలపలకను చేర్చవలెను. చాల ఫోనులలో పేర్లు, సూచనలు సైతము తెలుగులోనికి మార్చుకొనవచ్చును. అక్షరములు పెద్దవి చేయవలెను. అనంతరము ఉపాధ్యాయుడు ఇంటిపనిగా ఒక ఉత్తరమును కోరవలెను: ప్రతి విద్యార్థియు తన ఇంటి పెద్దలలో ఒకరికి తెలుగున సందేశము వ్రాసి, వారు తమ చేతితో వ్రాసిన జవాబును నోటుపుస్తకములో ఎక్కించుకొని రావలెను. ఈ ఇంటిపనికి మార్కులు వేయువారు ఉపాధ్యాయులు. తప్పులు దిద్దువారు అమ్మమ్మలు, తాతలు.

తెలుగు పేర్లు, సూచనలు చూచి కొందరు యువకులు చిరాకుపడుటయు సహజమే. సెట్టింగులనునది అలవాటైన నోటికి మరియొక పదము ఎబ్బెట్టుగా తోచును. కొన్ని అనువాదములు నిజముగనే కృతకముగా ఉన్నవి. అలవాటైన ఆంగ్లపదములు తమకు చాలుననువారు అట్లే వాడుకొనవచ్చును. ఎవరి ఫోను వారిది. కాని ఇంటిలోని వృద్ధుల ఫోనును వారిని అడుగకయే ఆంగ్లమున ఉంచి, వారికి యంత్రజ్ఞానము లేదని నిందించుట మాత్రము తగదు. వారికి లేనిది యంత్రజ్ఞానము కాదు. వారికి తెలిసిన లిపిలో ఒక్క అవకాశము.

ఆ కొండాపూరు ఇంటిలో మనుమడు తెలుగు మీటలను పెట్టియిచ్చిన ఆదివారమున అమ్మమ్మ కండ్లజోడు తుడుచుకొని కూర్చుండెను. ఒత్తు ఎక్కడున్నదో వాడు చూపెను; వాడు తప్పు ఒత్తు పెట్టగా ఆమె దిద్దెను. దోసెలు చల్లారువరకు ఇద్దరును లేవలేదు. చివరకు డల్లాసులోని మనుమనికి ఆమె తొలి సందేశము పోయినది: "అన్నం తిన్నవా బిడ్డా." అచ్చటి బాలునకు తెలుగక్షరములు రావు. వాడు ఫోను పట్టుకొని తండ్రి వద్దకు పరుగెత్తెను. తండ్రి చదివి వినిపించెను. వాడు మరల తెరవైపు చూచి, వీటిలో 'బి' ఏది అని అడిగెను.

అడిగిన బిడ్డకు అక్షరము చూపుట తెలుగువారికి కొత్త కాదు. అడుగు అవకాశము కల్పించుటయే ఇప్పుడు పెద్దలమీదను, పంతుళ్లమీదను ఉన్న బాధ్యత. దానికి వలసినది ఒక ఆదివారపు అరగంట.